లూపులో లూపు: లాగ్ వరస ఎందుకు తప్పుతుంది? అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లలకు నేనిచ్చే నెస్టెడ్ లూప్ ఎక్సర్‌సైజ్ బస్సులది. బయటి లూపులో శ్రీకాళహస్తి, కాణిపాకం, తలకోన. లోపలి లూపులో ఉదయం, సాయంత్రం. లాగ్‌లో, అంటే ప్రోగ్రామ్ ప్రింట్ చేసే లైన్లలో, రావాల్సినవి ఆరు. ఎక్కడో వరస మారగానే "సార్, లూప్ తప్పుగా తిరుగుతోంది" అంటారు. లూప్ తప్పుగా తిరగడం నేనింతవరకు చూడలేదు. తేడా అంతా ప్రింట్ ఎప్పుడు అవుతుందన్న దగ్గరే.

అపోహ: రెండు లూపులూ జతగా కదులుతాయి.

వాస్తవం: బయటిది శ్రీకాళహస్తి దగ్గరే ఉండగా లోపలిది రెండు వేళలూ ముగిస్తుంది. ఉదయం బస్సులన్నీ ముందు కావాలంటే లూపుల చోట్లు మార్చండి, అంతే.

అపోహ: కోడ్‌లో ముందున్న లైనే ముందు ప్రింట్ అవుతుంది.

వాస్తవం: అసలు తలనొప్పి ఇదే. జావాస్క్రిప్ట్‌లో, కాసేపాగి పని చేయమనే సెట్‌టైమౌట్‌కు ఆలస్యం సున్నా ఇచ్చినా అందులోని ఫంక్షన్ వెంటనే నడవదు. రెండు లూపులూ, వాటి కింద మిగిలిన కోడూ అయ్యాకే దాని వంతు. బయటి లూపు లెక్క పెట్టే ఐ, లోపలి లూపు లెక్క పెట్టే జె వేరియబుల్స్‌ను వార్‌తో రాసి ఉంటే అప్పటికి ఐ విలువ 3, జె విలువ 2. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి ఆ స్థానాల్లో ఊరూ లేదు, వేళా లేదు. అందుకే ఆరుసార్లూ అన్‌డిఫైన్డ్, అంటే విలువ లేదని. 2015 ప్రమాణంలో వచ్చిన లెట్ ప్రతి చుట్టుకూ కొత్త విలువను పట్టి ఉంచుతుంది. చాలామంది బయటి లూపులో లెట్ పెట్టి లోపలిది మరిచిపోతారు. అప్పుడు ఊరి పేరు సరిగ్గా వచ్చి, వేళ మాత్రం అన్‌డిఫైన్డ్‌గా మిగులుతుంది. ఇలా సగం సరైన లాగ్ పూర్తిగా తప్పిన లాగ్ కంటే ఎక్కువ టెన్షన్ పెడుతుంది.

అపోహ: అవైట్ (జవాబు వచ్చేదాకా ఆగమనే మాట) పెడితే వరస కుదురుతుంది.

వాస్తవం: జాబితాలో ఒక్కోదానికీ ఫంక్షన్ నడిపే ఫర్‌ఈచ్‌లో పెడితే కుదరదు, అది ప్రామిస్ (తర్వాత రాబోయే జవాబు) కోసం ఆగదు. మూడు ఊళ్ల పనీ మొదలైపోతుంది, ఏ జవాబు ముందొస్తే అది ముందు ప్రింట్ అవుతుంది. ఫర్-ఆఫ్ లూప్‌లో అవైట్ వాడితే వరసగా వస్తాయి, కాకపోతే నెమ్మదిగా. వేగం కావాలంటే అన్ని జవాబుల కోసం ఒకేసారి ఆగే ప్రామిస్.ఆల్ వాడి, ఫలితాలన్నీ చేతికొచ్చాక ప్రింట్ చేయండి. ఏది ముందు పూర్తయినా అవి మీరిచ్చిన వరసలోనే ఉంటాయి.

అపోహ: పైథాన్‌లో ఈ గొడవ లేదు.

వాస్తవం: టెర్మినల్‌లో కనపడదంతే. ప్రింట్ వెళ్లేది స్టాండర్డ్ ఔట్‌పుట్‌కు, లాగింగ్ మామూలుగా వెళ్లేది స్టాండర్డ్ ఎర్రర్‌కు. రెండింటినీ ఒకే ఫైల్‌లోకి మళ్లిస్తే ప్రింట్ లైన్లు బఫర్‌లో (తాత్కాలిక నిల్వలో) పేరుకుని చివర్లో గుంపుగా పడతాయి, వార్నింగులు పైకి చేరతాయి. ప్రింట్‌లో, బఫర్‌ను వెంటనే ఖాళీ చేయమనే ఫ్లష్‌ను ట్రూ చేస్తే సర్దుకుంటుంది.

వీటిలో ఏది మీ సమస్యో తెలియకపోతే, ప్రతి లాగ్ లైనులో ఐ, జె విలువలతో పాటు మిల్లీసెకన్లతో సహా టైమ్ వేయించండి. సెకన్ల వరకే వేస్తే ఆరు లైన్లకూ ఒకే టైమ్ పడి, ఏది ముందో తేలదు.