బోరు నీళ్లలో ఫ్లోరైడ్: పటిక ఎంత వేయాలి?

నల్లగొండ నేల కింది గ్రానైటులో బయొటైట్, అపటైట్, ఫ్లోరైట్ వంటి ఖనిజాలున్నాయి. ఫ్లోరైడ్‌కు మూలం అవే. కానీ రాయిలో ఉన్నదంతా నీళ్లలోకి దిగదు. నీళ్లలో కాల్షియం దండిగా ఉన్నంతకాలం అది ఫ్లోరైడ్‌ను పెద్దగా కరగనివ్వదు. రాతి పగుళ్లలో నీరు ఏళ్లతరబడి నిలిచినప్పుడు సోడియం, బైకార్బనేట్ పెరిగి, కాల్షియం సున్నపురాయిగా విడిపోతుంది. ఇక ఫ్లోరైడ్‌కు అడ్డు ఉండదు. బోరు ఇంకా లోతుకు దించితే మంచినీళ్లు పడతాయన్న ఆశ చాలాసార్లు తప్పేది అందుకే. కాల్షియం తగ్గిన నీళ్లలో సబ్బు బాగా నురగొస్తుంది, అంతమాత్రాన ఆ నీళ్లు మంచివనుకోకండి. ఫ్లోరైడ్‌కు రంగు, రుచి ఉండవు. మరిగిస్తే నీరు ఆవిరై అది మరింత చిక్కబడుతుంది.

తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా అనుమతి.

ఫ్లోరైడ్‌ను తీసేయడానికి నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించిన నల్లగొండ పద్ధతికి కావలసినవి పటిక, సున్నం. చిక్కంతా మోతాదులోనే ఉంది. ఫ్లోరైడ్‌ను నీళ్లలోకి తెచ్చిన ఆ బైకార్బనేటే దాన్ని తీసేయనివ్వదు. నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 6, 7 మధ్యకు దిగితేనే పటిక నుంచి పుట్టే అల్యూమినియం తెట్టు ఫ్లోరైడ్‌ను బాగా పట్టుకుంటుంది. క్షారత, అంటే ముఖ్యంగా నీళ్లలోని బైకార్బనేట్, ఎక్కువైతే పీహెచ్ దిగదు. ఫ్లోరైడ్ లీటరుకు 2 మిల్లీగ్రాములున్న 40 లీటర్ల నీటికి, క్షారత లీటరుకు 200 మిల్లీగ్రాములైతే సుమారు 9 గ్రాముల పటిక చాలు. అదే 600 అయితే 16 గ్రాములు కావాలి. అందుకే ల్యాబులో ఫ్లోరైడ్, క్షారత రెండూ కొలిపించాలి.

ముందు సున్నం కలపండి, పటిక బరువులో ఇరవయ్యో వంతు. తర్వాత పటికను కొద్ది నీళ్లలో కరిగించి పోసి, పది నుంచి ఇరవై నిమిషాలు నెమ్మదిగా తిప్పండి. జోరుగా తిప్పితే తెట్టు చితికిపోయి అడుక్కు చేరదు. గంటసేపు కదపకుండా ఉంచి, అడుగుకు 5 సెంటీమీటర్ల పైన బిగించిన కుళాయి నుంచి తేట నీటిని గుడ్డలో వడగట్టండి. సున్నం ఎక్కువైతే ఫ్లోరైడ్ నీళ్లలోనే ఉండిపోతుంది. తక్కువైతే నీళ్లు వగరుగా ఉంటాయి, అల్యూమినియం మిగులుతుంది.

ఆ అల్యూమినియం, రంగు మార్పును బట్టి ఫ్లోరైడ్‌ను కొలిచే కిట్‌నూ మోసగిస్తుంది, ఫ్లోరైడ్‌ను తక్కువగా చూపిస్తుంది. శుద్ధి చేసిన నీటిని ల్యాబులో ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ అనే పరికరంతోనే కొలిపించాలి. మడ్డిని బోరు దగ్గర పారబోయకండి.

కృష్ణా నీళ్ల కుళాయి ఉన్న ఇంట్లోనూ అన్నం, పప్పు బోరు నీళ్లతో వండితే ఆ ఫ్లోరైడ్ కంచంలోకే వస్తుంది. తాగడానికి ఏ నీళ్లు వాడతారో వంటకూ అవే వాడాలి.