తృప్తి, దృష్టికోణం: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

కౌన్సెలింగ్‌కు వచ్చేవారిలో చాలామంది "ఆలోచించే తీరు మార్చుకో, అంతా సర్దుకుంటుంది" అన్న సలహాను అప్పటికే ఇంట్లోవాళ్ల దగ్గర, బంధువుల దగ్గర విని విసిగిపోయి ఉంటారు. ఆ సలహాలో నిజం ఉంది. దాన్ని అర్థం చేసుకునే పద్ధతిలోనే పొరపాట్లున్నాయి.

అపోహ: దృష్టికోణం మార్చుకోవడమంటే బాధను దిగమింగి, అంతా బాగానే ఉందనుకోవడం.

వాస్తవం: ఇవి రెండూ వేరు. మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ గ్రాస్ 1998లో ప్రచురించిన ప్రయోగంలో, జుగుప్స కలిగించే శస్త్రచికిత్స దృశ్యాలను చూస్తూ భావాలను ముఖంలో కనబడనీయకుండా అణచుకున్నవారికి లోపలి జుగుప్స తగ్గలేదు సరికదా, శరీరంలో ఒత్తిడి సూచనలు పెరిగాయి. అవే దృశ్యాలను సాంకేతిక దృష్టితో, నిర్లిప్తంగా చూసినవారికి ఆ భావమే తగ్గింది. 1960లలో మానసిక వైద్యుడు ఆరన్ బెక్ రూపొందించిన కాగ్నిటివ్ థెరపీని, అంటే ఆలోచనలను పరీక్షించి చూసుకునే చికిత్సను, అనుసరించి మేము చేయించే సాధన కూడా అణచుకోవడం కాదు. ఏం జరిగింది, అప్పుడు నేనేమనుకున్నాను, అలా అనుకోవడానికి అనుకూలంగానూ వ్యతిరేకంగానూ ఉన్న ఆధారాలేమిటి అని కాగితం మీద రాయిస్తాం. స్నేహితుడు ఫోను ఎత్తకపోవడం జరిగిన విషయం. అతడు మనల్ని పట్టించుకోవడం మానేశాడన్నది మనం చేర్చిన అర్థం. ఆధారాలు చూశాక ఆ అర్థమే నిజమని తేలవచ్చు కూడా. అప్పుడు అతడితో నేరుగా మాట్లాడాలే తప్ప మనసుకు సర్దిచెప్పుకోకూడదు.

అపోహ: ఎంత ఎక్కువ సాధిస్తే అంత తృప్తి.

వాస్తవం: 1992 బార్సిలోనా ఒలింపిక్స్ పతక విజేతల హావభావాలను పరిశీలించి మెద్వెక్, మేడీ, గిలోవిచ్ 1995లో ప్రచురించిన అధ్యయనంలో, రజతం గెలిచినవారి కంటే కాంస్యం గెలిచినవారే ఎక్కువ సంతోషంగా కనిపించారు. రజత విజేత చేజారిన స్వర్ణాన్ని తలచుకుంటాడని, కాంస్య విజేత అసలు పతకమే రాకుండా పోయేదని ఊరట చెందుతాడని పరిశోధకులు వివరించారు. మంచి ర్యాంకే వచ్చినా పిన్నిగారి అబ్బాయి ర్యాంకు విని ముఖం చిన్నబుచ్చుకునే పిల్లల్లో నాకు ఇదే కనబడుతుంది. అయితే "నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్లను చూడు" అని మాత్రం నేను ఎవరికీ చెప్పను. దానివల్ల తృప్తి కంటే అపరాధభావమే ఎక్కువగా మిగులుతుంది. ఏ కొలబద్దతో కొలుచుకుంటున్నాం, దాన్ని మనకు ఎవరిచ్చారు అని గమనించమంటాను.

అపోహ: తృప్తి పడితే ఎదుగుదల ఆగిపోతుంది.

వాస్తవం: యోగసూత్రాలలో పతంజలి చెప్పిన అయిదు నియమాలలో సంతోషం, అంటే ఉన్నదానితో తృప్తి, పక్కనే తపస్సు, అంటే కఠిన సాధన, ఉంది. ఒకటి ఉంటే రెండోది ఆగిపోవాలని లేదు.

అపోహ: అసంతృప్తి అంతా చూసే దృష్టిలోనే ఉంది.

వాస్తవం: నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించే అపోహ ఇది. ఇంట్లో దెబ్బలు తింటున్న స్త్రీకి, నెలల తరబడి జీతం అందని ఉద్యోగికి మారవలసింది పరిస్థితి. అలాగే రెండు వారాలకు మించి దిగులు వీడకపోయినా, ఇష్టమైన పనులపై కూడా ఆసక్తి పోయినా, నిద్ర, ఆకలి దెబ్బతిన్నా అది చికిత్స అవసరమైన డిప్రెషన్ కావచ్చు కనుక, ఆలోచన మార్చుకోలేకపోతున్నందుకు ఆ మనిషిని నిందించకుండా మానసిక వైద్యుల దగ్గరకు తీసుకువెళ్లండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ సేవకు 14416 నంబరులో ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.