‘ఏం కాలేదన్నా, ఆడతా’: వీకెండ్ క్రికెట్‌లో అపోహలు, వాస్తవాలు

పోయిన శనివారం పొద్దున ఆరున్నరకి మొయినాబాద్ వైపు ఒక గ్రౌండ్‌లో టాస్ వేయించాను. ఆదివారం సాయంత్రం బెయిల్స్ తీసి జేబులో వేసుకునేసరికి మూడు ట్వంటీ ట్వంటీలు అయ్యాయి. తెల్ల లెదర్ బాల్, రంగు జెర్సీలు, ఐటీ వాళ్లు, బ్యాంకు వాళ్లు, ఒక టిఫిన్ సెంటర్ ఓనరు. పదిహేనేళ్లుగా అంపైర్‌గా నా శని, ఆదివారాలు ఇలాగే గడుస్తున్నాయి. ఇన్నేళ్లలో నన్ను ఎల్బీడబ్ల్యూల గురించి తిట్టినవాళ్లు కోకొల్లలు. వాటి సంగతి కింద రెండు ముక్కల్లో తేల్చేస్తాను. ఇవాళ రాయడానికి కూర్చున్నది ఇంకొకదాని గురించి: తలకి బంతి తగలడం.

రెండో మ్యాచ్, పదకొండో ఓవర్. మ్యాటింగ్ వికెట్, అంటే పిచ్ మీద చాప పరిచి ఆడేది. మ్యాటింగ్ మీద పొట్టిగా వేస్తే బంతి ఎంత లేస్తుందో ఆడినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఇరవై నాలుగేళ్ల కుర్రాడు, టెన్నిస్ బాల్‌లో దంచి కొట్టి ఈ ఏడాదే లెదర్‌కి వచ్చాడు. పుల్ చేయబోయి ఆలస్యమైంది, ఆఖరి క్షణంలో మొహం పక్కకి తిప్పేశాడు. చెవి పైన హెల్మెట్‌కి ‘ఠక్’మని తగిలి బంతి స్లిప్ దగ్గర పడింది. కుర్రాడు పడలేదు. తూలలేదు కూడా. చెయ్యెత్తి ‘ఓకే, ఓకే’ అన్నాడు. క్రీజులోకొచ్చి, “సార్, మిడిల్ అండ్ లెగ్” అని గార్డ్ (స్టంప్స్‌కి సూటిగా బ్యాట్ ఎక్కడ పెట్టాలో అంపైర్ చూపించే గుర్తు) అడిగాడు. ఇచ్చాను. బ్యాట్ కొసతో గీత గీసుకున్నాడు. తలెత్తి నా వైపు చూసి, “సార్, మిడిల్ అండ్ లెగ్” అన్నాడు.

ఆట ఆపేశాను.

కెప్టెన్ టెంట్ లోంచి పరిగెత్తుకొచ్చాడు. “అన్నా, నిలబడే ఉన్నాడు కదా, పడిపోలేదు కూడా. నీళ్లు తాగితే సెట్ అయిపోతాడు.” డెబ్బై ఒక్క పరుగులు కావాలి, చేతిలో నాలుగు వికెట్లు. ఆయన బాధ అర్థమవుతుంది. కానీ సీజన్‌కి నాలుగైదు సార్లు వినే మాట ఇది. అచ్చం ఇవే పదాలు. వినీ వినీ విసుగొచ్చింది.

అపోహ: తలకి తగిలినా స్పృహ తప్పలేదంటే ఏమీ కానట్టే.

వాస్తవం: కంకషన్‌కి, అంటే దెబ్బకి మెదడు అదిరిపోవడానికి, స్పృహ తప్పాల్సిన పని లేదు. చాలామందికి తప్పదు. పుర్రె లోపల మెదడు కుదుపుకి గురైతే చాలు. హెల్మెట్ పుర్రె పగలకుండా కాస్తుంది, మొహాన్ని కాస్తుంది. ఆ కుదుపుని మాత్రం పూర్తిగా ఆపలేదు. కొత్త బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు. చేత్తో పట్టుకుంటే చిన్నదే.

రమణ్ లాంబా గుర్తున్నాడా? మన దేశానికి 4 టెస్టులు, 32 వన్డేలు ఆడిన మనిషి. 1998 ఫిబ్రవరి 20న ఢాకాలో ఆడుతున్నది కూడా క్లబ్ మ్యాచే. ఓవర్లో మూడు బంతులు మిగిలున్నప్పుడు బ్యాట్స్‌మన్‌కి బాగా దగ్గరగా నిలబడే ఫార్వర్డ్ షార్ట్ లెగ్‌కి వెళ్లాడు. హెల్మెట్ కావాలా అంటే మూడు బంతులకేలే అన్నాడు. బ్యాట్స్‌మన్ గట్టిగా కొట్టిన బంతి కణతకి తగిలి, పైకి లేచి కీపర్ చేతుల్లో పడింది. లాంబా లేచాడు. తన కాళ్ల మీద తనే నడుచుకుంటూ డ్రెస్సింగ్ రూమ్‌కి వెళ్లాడు. ఆ తర్వాతే పరిస్థితి విషమించింది. 23న చనిపోయాడు. ‘లేచి నడిచాడు కదా’ అని ఎవరైనా అంటే నేను చెప్పేది ఈ సంగతే. 2014లో బౌన్సర్ మెడకి తగిలి చనిపోయిన ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ ఫిల్ హ్యూస్ పేరు చాలామందికి తెలుసు కాబట్టి, అతను హెల్మెట్ పెట్టుకునే ఉన్నాడని మాత్రం గుర్తుచేస్తాను.

ఇంకోటి, లక్షణాలు అప్పటికప్పుడే కనపడాలని లేదు. 2019లో లార్డ్స్‌లో ఇంగ్లండ్ బౌలర్ ఆర్చర్ బంతి మెడకి తగిలాక ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ స్టీవ్ స్మిత్ కాసేపటికి తిరిగొచ్చి 92 దాకా ఆడాడు. పక్కన టీమ్ డాక్టర్ ఉన్నా అంతే. మర్నాడు పొద్దున తలనొప్పి, మగత. అతని బదులు లబుషేన్ దిగాడు, టెస్టుల్లో మొదటి కంకషన్ సబ్‌స్టిట్యూట్‌గా. వాళ్లకే తెల్లారాక బయటపడితే, మన గ్రౌండ్‌లో రెండు నిమిషాల్లో ఎవడు తేల్చేస్తాడండీ?

మరి గ్రౌండ్‌లో ఏం చూడాలి? అడిగిందే మళ్లీ అడగడం, తలనొప్పి, వాంతి వచ్చినట్టుండటం, వెలుతురు చూడలేకపోవడం, కాలు తడబడటం, ఉన్నట్టుండి చిరాకు లేదా మౌనం. నేను మూడు ప్రశ్నలు అడుగుతాను: టాస్ ఎవరు గెలిచారు, ముందు అవుటైంది ఎవరు, పోయిన వారం ఎవరితో ఆడారు. ఒక్కటి తప్పు చెప్పినా బయటికే. అన్నీ సరిగ్గా చెప్పినా క్లీన్ చిట్ కాదు. అనుమానం ఉంటే ఆ రోజుకి ఆట బంద్. వాంతులు, పెరిగే తలనొప్పి, లేపినా లేవని మగత, ఫిట్స్, మెడనొప్పి, చేతులు కాళ్లు తిమ్మిరెక్కడం కనపడితే 108కి కొట్టండి, బైక్ మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకెళ్లకండి.

ఈ కుర్రాడు టాస్ సంగతి సరిగ్గానే చెప్పాడు. తన ముందు ఎవరు అవుటయ్యారో చెప్పలేకపోయాడు. అవుటైంది వాళ్ల బావమరిది.

బయటికి తీసుకెళ్తే టెంట్‌లో ఎవరో కణత మీద స్ప్రే కొట్టబోయారు. మోకాలి స్ప్రే అది బాబూ, కంటి పక్కన కొడతారా! ఇంకొకరు పెయిన్ కిల్లర్ తీశారు. బ్రూఫెన్ లాంటివి డాక్టర్ చూడకముందు ఇవ్వకండి, లోపల రక్తస్రావం ఉంటే ముప్పు పెరుగుతుంది. కుర్రాడేమో బండి తాళాలు తీసి ‘ఇంటికెళ్లి పడుకుంటా’నంటాడు. తాళాలు లాక్కుని నా జేబులో వేసుకున్నాను.

ఎందుకంటే ఆ పని నేను చేసినవాణ్నే. ఇరవై ఏళ్ల కిందట సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో షార్ట్ లెగ్‌లో నిలబడితే ఒక స్వీప్ షాట్ తలకి తగిలింది. నవ్వేశాను. మిగతా ఇన్నింగ్స్ ఫీల్డింగ్ చేశానట, నాకైతే గుర్తు లేదు. స్కూటర్ మీద మల్కాజిగిరి బయల్దేరాను. మెట్టుగూడలో తిరగాల్సినవాణ్ని తార్నాక దాకా వెళ్లి, ఒక మూసేసిన షట్టర్ ముందు బండాపి, ఎందుకొచ్చానా అని నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. ఎస్టీడీ బూత్ అతను కుర్చీ వేసి, మా నాన్నకి ఫోన్ చేశాడు. మా ఇంటి నంబర్ మాత్రం తడుముకోకుండా చెప్పానట.

అపోహ: రిటైర్డ్ హర్ట్ అయితే వికెట్ పోయినట్టే.

వాస్తవం: మొదటి అపోహకి ఇది తోడబుట్టింది, దీనివల్లే బయటికి రావడానికి మొండికేస్తారు. గాయంతో వెళ్లినవాడు ‘రిటైర్డ్ నాటౌట్’. తర్వాత ఏదైనా వికెట్ పడ్డాకో, ఇంకొకరు రిటైరయ్యాకో మళ్లీ రావచ్చు. కాలు పట్టేసినవాడికి బదులు పరిగెత్తే రన్నర్ కూడా, క్రికెట్ నియమాలు రాసే ఎంసీసీ లాస్‌లో ఇప్పటికీ ఉన్నాడు. 2011లో తీసేసింది ఐసీసీ, అదీ అంతర్జాతీయ మ్యాచ్‌ల్లో. అయితే తలకి తగిలినవాడు ఆ రోజు మళ్లీ రాకూడదు, రూల్ ఒప్పుకున్నా నేను ఒప్పుకోను. అతని బదులు ఇంకొకరు బ్యాటింగ్‌కి దిగాలంటే ఆ మాట మీ లీగ్ రూల్స్‌లో ఉండాలి. టోర్నీ పెట్టేవాళ్లు సీజన్ ముందే ఆ ఒక్క లైను రాసుకోండి. పదకొండో ఓవర్లో నాతో వాదించి లాభం లేదు.

అపోహ: కిట్‌లో హెల్మెట్ ఉంది కదా.

వాస్తవం: ఉంది. పదకొండు మంది తలలకి ఒకటి. స్ట్రాప్ గడ్డం కింద ఊగుతుంటుంది, చెమట పట్టిన లోపలి స్పాంజ్ సగం ఊడి ఉంటుంది. గ్రిల్‌కి, పైన అంచుకి మధ్య సందులోంచి బంతి దూరేట్టుంటే అది హెల్మెట్ కాదు, టోపీ. బాల్ పెట్టి చూసుకోండి, అర నిమిషం పని. కొనేటప్పుడు బీఎస్ 7928:2013 అని రాసుందో లేదో చూడండి, బంతి ఆ సందులో దూరుతుందా అన్నది ఆ ప్రమాణంలోనే పరీక్షిస్తారు. ఒకసారి గట్టిగా తగిలినదాన్ని మళ్లీ వాడకండి. నడుము కింద పెట్టుకునే ఎల్ గార్డ్ మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకుంటారు, ఎవరూ మర్చిపోరు. దానికున్న శ్రద్ధలో సగం తలకి ఉంటే బాగుండు.

ఇక మిగిలినవి గబగబా. కాలు ముందుకేస్తే ఎల్బీడబ్ల్యూ ఉండదన్నది ఏ లా లోనూ లేదు, మూడు మీటర్ల లెక్క టీవీ రివ్యూ పద్ధతి డీఆర్ఎస్‌ది. లెగ్ స్టంప్ బయట పిచ్ అయితే నాటౌట్, ఇది నిజమే. ఆఫ్ బయట పిచ్ అయితే అవుట్ ఇవ్వొచ్చు, షాట్ ఆడుతున్నప్పుడు ఆఫ్ బయట తగిలితేనే నాటౌట్. బ్యాట్ పట్టుకున్న చెయ్యి, గ్లవ్ బ్యాట్ కిందే లెక్క, కాబట్టి ఎల్బీడబ్ల్యూ తప్పించుకోబోయి ‘చేతికి తగిలింది సార్’ అని క్యాచ్ ఒప్పేసుకోకండి. బంతి వేయకముందే క్రీజు దాటిన నాన్ స్ట్రైకర్‌ని రనౌట్ చేయడానికి ముందు వార్నింగ్ అక్కర్లేదు. 2022 నుంచి అది మామూలు రనౌట్‌ల లా లోనే ఉంది. నోబాల్ తర్వాతి ఫ్రీ హిట్ లాస్‌లో లేదు, టోర్నీ రూల్స్‌లో ఉంటేనే.

ఆదివారం రాత్రి ఆ కుర్రాడి అమ్మగారు ఫోన్ చేశారు. గొంతు వణుకుతోంది. స్కాన్ తీశారు, ఏమీ లేదన్నారు, మరి వీడికి తలనొప్పి తగ్గట్లేదేంటి సార్, వచ్చే వారం ఫైనల్ ఉందంటున్నాడు, అసలు ఆట మాన్పించేయాలా అని. అమ్మా, కంకషన్ సీటీ స్కాన్‌లో కనపడదు, స్కాన్‌లో చూసేది రక్తస్రావం, పగుళ్లు. అవి లేవంటే పెద్ద గండం తప్పినట్టే. తలనొప్పి పెరిగినా, వాంతులయినా రాత్రనక మళ్లీ ఆసుపత్రికి తీసుకెళ్లండి. లేకపోతే ఒకట్రెండు రోజులు విశ్రాంతి, ఫోన్, లాప్‌టాప్ తక్కువ, ఒంటరిగా వదలొద్దు, మద్యం ముట్టుకోనివ్వద్దు. తర్వాత డాక్టర్ సరేనంటే నడక, పరుగు, నెట్స్, ఆ వరసలో. చాలామందికి కొన్ని వారాల్లో పూర్తిగా తగ్గిపోతుంది, ఆట మాన్పించక్కర్లేదు. ఫైనల్ మాత్రం లేదు. ఇదంతా చెప్పాక ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఆ చివరి మాట వాడికి మీరే చెప్పండి, నేను చెప్తే వినడు” అని ఫోన్ వాడికిచ్చారు.

చెప్పాను. కాసేపు గొణిగాడు. పెట్టేసే ముందు, “సార్, నా బండి తాళాలు మీ దగ్గరే ఉన్నాయా?” అన్నాడు.

ఉన్నాయి. బెయిల్స్‌తో పాటు ప్యాంటు జేబులో.