ఫీడ్ స్లోనా? ముందు బిడ్ చూడు అన్నా! (అపోహలు - వాస్తవాలు)

మొన్న మధ్యాహ్నం రెండు గంటలప్పుడు ఆదోని నుంచి ఫోను. విత్తనాల అంగడి పెట్టుకున్న మనిషి, పాత కస్టమరు. "అన్నా, మీ ఫీడ్ శానా స్లో. స్క్రీన్ మీద 18.50 కనపడతా ఉంటే నాకు 12కు అమ్మేసినారు. నెలకు వెయ్యి అయినా కడతా, ఫాస్ట్ ఫీడ్ ఇప్పియ్యి" అన్నాడు. ఫీడ్ అంటే ఎక్స్చేంజ్ నుంచి మన స్క్రీన్‌కు వచ్చే రేట్లు. ఆయన అమ్మింది ఒక స్టాక్ ఆప్షన్, అంటే ముందే అనుకున్న రేటుకు షేరు కొనే లేదా అమ్మే హక్కు. కర్నూల్లో కొండారెడ్డి బురుజు దగ్గర పద్నాలుగేళ్లుగా షేర్ బ్రోకర్ తరపున ఆఫీసు నడుపుతున్నా (ముందు సబ్-బ్రోకర్ అనేవాళ్లు, ఇప్పుడు ఆథరైజ్డ్ పర్సన్). ఈ మాట వినని వారం లేదు.

అపోహ: స్క్రీన్ మీద ఉన్న రేటే నాకు రావాల.

వాస్తవం: అది ఎల్‌టీపీ (లాస్ట్ ట్రేడెడ్ ప్రైస్). ఎవరో ఇద్దరు అంతకుముందే బేరం తెంచుకున్న రేటు. ఆయన చేత చార్టు, మార్కెట్ డెప్త్ (కొనేవాళ్లు, అమ్మేవాళ్లు వేసిన రేట్ల పట్టిక) తెరిపించినా. ఆయన అమ్మకముందు జరిగిన చివరి ట్రేడ్ టైము 12:47. అంటే అప్పటికి గంటకు పైగా ఆ ఆప్షన్‌లో ఒక్క లాటు (విడిగా కాక కట్టగా అమ్మేది) కూడా చేతులు మారలేదు. బిడ్ (కొనేవాళ్లు ఇస్తామన్న రేటు) 12, ఆఫర్ (అమ్మేవాళ్లు అడిగే రేటు) 21. పొద్దున కొన్నది కూడా మార్కెట్ ఆర్డరే (రేటు చెప్పకుండా, అప్పుడున్న రేటుకే ఇమ్మనేది), 21కి. లాటు 700 షేర్లు. తొమ్మిది రూపాయల తేడా మీద 6,300 పోయినాయి. ఫీడు అప్పుడు కూడా నిజమే చెప్తా ఉంది, ఆయన చూడాల్సిన గడి చూడలేదు, అంతే.

"అన్నా, మీ యార్డులో పొద్దున ఒకాయన పత్తి 7,200కు పోయిందనుకో. మధ్యాహ్నం నువ్వు తోలుకొచ్చిన పత్తికి అదే రేటు ఇస్తారా, లేక అప్పుడు కొనేవాళ్లు వేసిన రేటా?" అన్నా. కాసేపు మాట లేదు. కొందరు బ్రోకర్లు స్టాక్ ఆప్షన్లలో మార్కెట్ ఆర్డరునే ఆపేసింది ఇందుకే. కస్టమర్లు దానికీ తిడతారు, అది వేరే సంగతి.

పోగొట్టుకున్నోళ్ల బాధ నాకు తెలీక కాదు. ఇంట్లో చెప్పుకోలేరు, ఎవరి మీదనో ఒకరి మీద వేయాల. అయితే 2024 సెప్టెంబరులో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ బయటపెట్టిన లెక్క ఒకటుంది. 2021-22 నుంచి మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) చేసిన మామూలు ట్రేడర్లలో నూటికి 93 మంది నష్టపోయినారు. అందరి ఫీడూ స్లోనేనా?

అపోహ: టిక్ బై టిక్ డేటా (ప్రతి ఆర్డరూ, ట్రేడూ వదలకుండా వచ్చే ఫీడు) కొంటే గెలుస్తా.

ఇందులో నేనూ మునిగినోడినే. ఆరేడేళ్ల కింద టెలిగ్రామ్‌లో ఒకడు "ఎక్స్చేంజ్ నుంచి డైరెక్ట్ ఫీడ్" అంటే మూడు నెలలకు ఒకేసారి కట్టినా. తర్వాత తెలిసింది, ఎవరిదో టెర్మినల్ నుంచి లాగి పదిమందికి పంచే సరుకు అది. రెండో వారం, సరిగ్గా ఎక్స్‌పైరీ రోజు (ఆప్షన్ల గడువు తీరే రోజు) పదిన్నరకు చార్టు నిలిచిపోయింది. సాయంత్రానికి గ్రూపు కూడా లేదు.

నిజమైన టిక్ బై టిక్ ఫీడు ఎక్కువగా ఎక్స్చేంజ్ దగ్గరే సర్వర్లు పెట్టుకున్న కో-లొకేషన్ వాళ్లది. మన యాప్‌లలో ఎక్కువ వాటికి వచ్చేది స్నాప్‌షాట్, సెకనులో కొన్నిసార్లు తీసిన ఫొటోలనుకోండి. ముంబై మనకు గాల్లో కొలిచినా 650 కిలోమీటర్లు. ఫైబర్‌లో ఆ దూరానికి మూడు నాలుగు మిల్లీసెకన్లు చాలు. రేటు చూసి మన వేలు కదిలేలోపు పావు సెకను, అంటే 250 మిల్లీసెకన్లు, పోతుంది.

అపోహ: చార్టులో ఆ రేటే లేదు, నా స్టాప్‌లాస్ కొట్టించినారు.

స్టాప్‌లాస్ ఆర్డరు (రేటు ఇంతకు పడితే అమ్మేయమనేది) ఉండేది ఎక్స్చేంజ్‌లో. అది మీ స్క్రీన్‌ను చూడదు, అక్కడ జరిగిన ప్రతి ట్రేడునూ చూస్తుంది. రెండు ఫొటోల మధ్య జరిగిన ట్రేడు మీ క్యాండిల్‌లో (చార్టులో ఒక్కో నిమిషం రేట్లు చూపే గీత) పడకపోవచ్చు. అనుమానముంటే బ్రోకర్ పంపే కాంట్రాక్ట్ నోట్‌లో ట్రేడ్ నంబరు, టైము ఉంటాయి, ఎన్ఎస్ఈ వెబ్‌సైట్‌లో ట్రేడ్ వెరిఫికేషన్‌లో సరిచూసుకోండి. జీటీటీ (రేటు తగిలేదాకా రోజుల తరబడి ఆగే ఆర్డరు) మాత్రం బ్రోకర్ సర్వర్‌లో ఉంటుంది, దాని కథ వేరు. ఇంకోటి, ఆప్షన్లలో ఎస్ఎల్-ఎం (తగలగానే మార్కెట్ ఆర్డరుగా మారే స్టాప్‌లాస్) ఆర్డర్లను ఎన్ఎస్ఈ 2021 సెప్టెంబరులోనే ఎత్తేసింది. ఇప్పటికీ "ఆ బటన్ ఏదన్నా" అని అడుగుతారు.

రెండు యాప్‌లలో ఒక నిమిషం క్యాండిల్ పది పైసలు తేడా వస్తే కుట్ర కాదు, ఫొటోలు వేరే క్షణాల్లో పడినాయి.

ఫీడు తేడాలు అసలు లేవని కాదు. కొన్ని ఉచిత సైట్లలో 15 నిమిషాల ఆలస్యం ఉంటుంది, కింద చిన్న అక్షరాల్లో రాస్తారు. పల్లెల్లో సిగ్నల్ పోతే యాప్ పాత రేటునే పట్టుకొని కూర్చుంటుంది. అందుకే చివరి ట్రేడ్ టైము చూడమనేది.

నిన్న ఆదోని ఆయన మళ్లీ ఫోను చేసినాడు. "అన్నా, నువ్వు చెప్పినట్టే 15కు తక్కువైతే అమ్మొద్దని లిమిట్ పెట్టినా. గంటైంది, ఎవరూ కొనలేదు. ఇదన్నా ఫీడ్ వల్లనేనా?"