పాలిస్టర్ మీద ఎంజైమ్: పని ఎంజైమ్‌దా, కుదుపుదా?

చెన్నై ఉక్కలో పాలిస్టర్ చొక్కా వేసుకుని బ్రాడ్వే దాకా బస్సులో వెళ్లొస్తే ఎవరికైనా అర్థమైపోతుంది, చెమట గుడ్డలోకి ఇంకదు, ఒంటికీ చొక్కాకీ మధ్యే ఉండిపోతుంది. కాటన్ మామూలు గాల్లోంచే తన బరువులో 8 శాతం దాకా తేమ పట్టుకుంటుంది, పాలిస్టర్ పట్టేది 0.4 శాతమే. మిల్లుల్లో దీనికి పాత మందు వేడి కాస్టిక్ సోడా, అది పోగు పైపొరని తినేసి గుడ్డని మెత్తగా చేస్తుంది, కానీ ఆ ఘాటు నీళ్లని మళ్లీ శుద్ధి చెయ్యాలి.

అందుకే క్యూటినేజ్ మీద అందరికీ ఆశ. ఆకుల మీదుండే క్యూటిన్ పొరని కరిగించి లోపలికి దూరడానికి కొన్ని బూజులు తయారుచేసుకునే ఎంజైమ్ ఇది. క్యూటిన్‌లో ముక్కల్ని కలిపి ఉంచే ఎస్టర్ బంధాలే పాలిస్టర్‌లోనూ ఉన్నాయి కాబట్టి ఇక్కడా కత్తిరిస్తుంది, తెగిన చోటల్లా నీళ్లంటే ఇష్టపడే చివరలు బయటపడతాయి, గుడ్డ తడవడం మొదలుపెడుతుంది.

కానీ ఎంజైమ్ నీళ్లలో గుడ్డని ఊరికే నానబెడితే పని చాలా నెమ్మది. ఎంజైమ్ అణువు పోగు లోపలికి దూరలేదు, పనంతా పైపైనే. పైగా పోగుని అంటుకుని కదలని నీటి పొర ఒకటి ఉంటుంది, ఎంజైమ్ దాన్ని దాటి రావాలి, తెగిన ముక్కలు దాన్ని దాటి పోవాలి. గుడ్డనీ ఎంజైమ్ నీళ్లనీ డ్రమ్ములో వేసి తిప్పితే ఆ పొర పల్చబడుతుంది, నూలు మధ్య సందుల్లోకి కూడా ద్రవం దూరుతుంది. ఇంకా ముఖ్యమైంది రాపిడి, పోగులు ఒకదానికొకటి రాసుకుని పైభాగం లేస్తే కొత్త చోట్లు ఎంజైమ్‌కి అందుతాయి. అడయార్ సీఎల్‌ఆర్‌ఐ (కేంద్ర తోలు పరిశోధన సంస్థ) లాంటి చోట తోళ్ల మీద ఎంజైమ్‌లతో పనిచేసేవాళ్లకి ఇది కొత్తేం కాదు, తోలు శుద్ధిలో చాలా పని తిరిగే డ్రమ్ముల్లోనే జరుగుతుంది.

అలాగని ఎంత తిప్పితే అంత మంచిదనుకోకూడదు. నురగ ఎక్కువైతే గాలీ నీళ్లూ కలిసే చోట ప్రోటీన్ మడతలు విప్పుకుని పనికిరాకుండా పోతుంది. గుడ్డ మీద ఉండలు కడతాయి, సన్నటి ప్లాస్టిక్ పీచు నీళ్లలోకి పోతుంది, ఇది నాకు నిజంగా భయం వేసే విషయం.

నాకు అన్నిటికంటే పట్టింపు ఉన్నది లెక్క దగ్గర. ట్రీట్‌మెంట్ తర్వాత గుడ్డ బరువు తగ్గిందంటే అది ఎంజైమ్ గొప్పే అనుకోడానికి లేదు, ఉత్త రాపిడికి కూడా పీచు రాలి బరువు తగ్గుతుంది కదా. అందుకే ఎంజైమ్ లేకుండా అదే డ్రమ్, అదే వేడి, అదే పీహెచ్, అంతే సేపు తిప్పిన గుడ్డ పక్కన ఉండి తీరాలి. ఇంకో దారి, పాలిస్టర్ బంధాలు తెగితే విడివడే టెరెఫ్తాలిక్ యాసిడ్ నీళ్లలో ఎంతుందో అతినీలలోహిత కాంతితో కొలవడం. రాపిడి పీచునే రాలుస్తుంది, ఆ యాసిడ్ రావాలంటే బంధాలు తెగాల్సిందే.