కరకరలాడే కోల్‌స్లా

ప్రియమైన పిల్లలూ,

ఎంతో ఇష్టంగా చేసిన కోల్‌స్లా (పచ్చి క్యాబేజీ తరుగుతో చేసే సలాడ్) గంట తిరిగేసరికి నీళ్లోడి మెత్తబడిపోయిందని రాశారు. చదివి నాకూ మనసు చివుక్కుమంది. ఇంకోసారి చేద్దాం, ఈసారి నీళ్ల సంగతి ముందే చూసుకుందాం.

క్యాబేజీలో నూటికి 90 పాళ్లకు పైగా నీళ్లే. ఆకులోని చిన్న చిన్న కణాల నిండా అవి బిగిసి ఉంటాయి. కొరికినప్పుడు ఆ కణాలు పగిలే చప్పుడే మనకు వినిపించే కరకర. ఉప్పు తగిలిందంటే ఆ నీళ్లు బయటికి వచ్చేస్తాయి. రుచి కోసం తరుగులో మీరు కలిపిన చిక్కటి మిశ్రమం, అంటే డ్రెస్సింగ్‌లో ఉప్పుంది కదా, అందుకే గిన్నె అడుగున పల్చటి మజ్జిగలా చేరింది.

కాబట్టి ఆ నీళ్లేవో ముందే తీసేయాలి. అర కిలో క్యాబేజీ సన్నగా తరగాలి. కత్తి మాత్రం పెద్దవాళ్లకే ఇవ్వండి, ఈ ఒక్క మాట తప్పకుండా వినండి. టీస్పూను ఉప్పు చల్లి, కలిపి, చిల్లుల గిన్నెలో 20 నిమిషాలు వదిలేయండి. తర్వాత గుప్పెడు తీసుకుని పిండి చూడండి, వేళ్ల సందుల్లోంచి నీళ్లు ఎలా కారతాయో! తరుగు కాస్త వడిలినట్టు కనిపిస్తుంది. కానీ కణాల గోడలు గట్టిగానే ఉంటాయి, నోట్లో వేసుకుంటే కరకర పోదు. ఒకసారి కడిగి, మళ్లీ పిండి, పొడిగుడ్డతో అద్దండి. క్యారెట్‌ను తురమొద్దు, తురిమితే చితికి నీరు కారుతుంది. సన్నటి పుల్లల్లా తరిగించండి.

ఇక డ్రెస్సింగ్. కప్పు పెరుగు పల్చటి గుడ్డలో మూటకట్టి, గంటసేపు ఫ్రిజ్‌లో వడకట్టండి. నీరు దిగిపోయి పెరుగు మీగడలా చిక్కబడుతుంది. అందులో రెండు టీస్పూన్ల నూనె, అర చెక్క నిమ్మరసం, మిరియాల పొడి వేసి గిలకొట్టండి. నూనె మానొద్దు. క్యారెట్‌లోని బీటా కెరోటిన్ అనే నారింజ రంగు పోషకం కొవ్వు తోడుంటేనే ఒంటికి బాగా పడుతుంది. కొత్తిమీర, పుదీనా కడిగాక తడి పూర్తిగా ఆరనివ్వండి. పుదీనాను మిక్సీలో వేస్తే నలిగి నల్లబడుతుంది, పదునైన కత్తితో తరిగితేనే పచ్చగా, ఘుమఘుమలాడుతూ ఉంటుంది. ఉప్పు చివర్లో, రుచి చూశాకే.

ఊదారంగు క్యాబేజీ దొరికితే కొంచెం కలపండి. నిమ్మరసం తగిలిన చోటల్లా గులాబీ రంగులోకి తిరుగుతుంది, నాకు ఇప్పటికీ అది చూడటం సరదా.

తరుగు, డ్రెస్సింగ్ ఫ్రిజ్‌లో వేర్వేరుగా ఉంచి, తినే ముందే కలుపుకోండి. పిండినప్పుడు వచ్చిన నీళ్లు ఒక గ్లాసులో పట్టి, ఎంత వచ్చాయో నాకు రాయండి.

ప్రేమతో,
మీ అమ్మమ్మ