ఆకు చూసి మందు కొట్టకండి: కుండీల్లో చెట్ల గురించి అపోహలు - వాస్తవాలు

కడియం నర్సరీల్లో పని చేసేవాళ్లకు ఎండలు ముదిరాయంటే ఒకటే రకం ఫోన్లు. "తీసుకెళ్లినప్పుడు నిగనిగలాడిందండీ, ఇప్పుడు ఆకులన్నీ రాలిపోతున్నాయి, ఏ మందు కొట్టాలి?" మామిడి, సపోటా, నిమ్మ, నరమామిడి, క్రిస్మస్ చెట్టు... ఏడాదంతా పచ్చగా ఉండే చెట్లను డాబా మీద కుండీల్లో పెంచేవారు అడిగేదంతా ఆకు గురించే. నేను తిరిగి అడిగేది కుండీ అడుగు గురించి.

అపోహ: ఈ చెట్లు ఆకు రాల్చవు, రాలిస్తే జబ్బే.

రాలుస్తాయి. ఒక్కసారిగా మోడు కావు, అంతే తేడా. పైన కొత్త చిగురు వస్తూ, లోపలి ముదురాకు పసుపుబారి రాలితే కంగారు అక్కర్లేదు. చిగురే మాడుతున్నా, కొమ్మ చివరి నుంచి ఎండుకొస్తున్నా వేరును అనుమానించాలి. నీడవల కింద పెరిగిన మొక్కను తెచ్చిన రోజే సిమెంటు డాబా మీద నడి ఎండలో పెట్టినా ఆకు కాలుతుంది. పది పదిహేను రోజులు ఉదయపు ఎండ మాత్రమే తగిలే చోట ఉంచి, మెల్లగా బయటికి జరపాలి.

అపోహ: ఎప్పటికైనా చెట్టే కదా, మొదటే పెద్ద డ్రమ్ములో పెడితే సరి.

చిన్న మొక్క వేళ్లు డ్రమ్ములో ఓ మూలకే చేరతాయి. మిగతా మట్టిలోని నీటిని పీల్చే వేరు ఉండదు. ఆ తడి రోజుల తరబడి నిలిచి, గాలి ఆడక వేరు కుళ్లుతుంది. మొక్కతో వచ్చిన నర్సరీ కవరు సైజు కన్నా రెండు మూడు అంగుళాలు వెడల్పయిన కుండీ చాలు. వేళ్లు దాన్ని నింపాక తర్వాతి సైజుకు మార్చాలి.

అపోహ: కుండీ అడుగున కంకర పోస్తే నీరు బాగా దిగుతుంది.

ఇది చెప్పని వీడియో లేదు, నమ్మని ఇల్లు లేదు. కానీ జరిగేది దానికి విరుద్ధం. తడిపిన స్పాంజిని అడ్డంగా పట్టుకోండి. కారడం ఆగిపోయాక దాన్ని నిలువుగా తిప్పండి, మళ్లీ నీరు కారుతుంది. ఎత్తు పెరిగింది కాబట్టి కారింది. కుండీలో మట్టిదీ అదే తీరు. నీరంతా దిగాక కూడా అడుగున కొంత మందం తడిసి ముద్దగానే ఉంటుంది. సన్నటి మట్టిలోంచి నీరు పెద్ద సందులున్న కంకరలోకి సులువుగా దిగదు. అందుకే ఆ ముద్ద కంకర పైన, అంటే సరిగ్గా వేళ్లున్న చోట నిలుస్తుంది. రంధ్రాల మీద పెంకుముక్కో వల ముక్కో వేస్తే మట్టి జారదు, అంతకు మించి అక్కర్లేదు. నీరు దిగాలంటే మిశ్రమమే గుల్లగా ఉండాలి. మేము రెండు పాళ్లు ఎర్రమట్టికి ఒక పాలు ముతక ఇసుక, ఒక పాలు మాగిన పశువుల ఎరువు కలుపుతాం. ఒట్టి నల్లరేగడి మాత్రం వద్దు. అది ఎండితే కుండీ గోడ నుంచి విడిపోతుంది. మీరు పోసిన నీళ్లు ఆ సందులోంచి జారి బయటికి పోతాయి, వేరు ముద్ద పొడిగానే ఉంటుంది.

అపోహ: ఎండాకాలం రెండు పూటలా నీళ్లు పోసి తీరాలి.

గడియారం చూసి కాదు, మట్టి చూసి పోయాలి. కొబ్బరి పొట్టు ఎక్కువ కలిపిన కుండీ పైన పొడిగా కనిపిస్తుంది, లోపల పిండితే నీరు కారుతుంది. రెండో కణుపు దాకా వేలు గుచ్చి చూడండి. చిన్న కుండీ అయితే కాస్త ఎత్తితే బరువే చెబుతుంది. ఎండలో పడి ఉన్న పైపులోని మొదటి నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. అవి బయటికి వదిలేశాకే మొక్కకు పెట్టాలి. నల్ల ప్లాస్టిక్ కుండీకి మే నెలలో పడమటి వైపు నీడ తప్పనిసరి. మట్టి వేడి 40 డిగ్రీలు దాటితే చాలా చెట్ల వేరు ఎదగడం మానేస్తుంది. గోనెసంచి చుట్టండి, లేదా ముందు వరుసలో చిన్న కుండీలు పేర్చండి.

అపోహ: ఆకు పసుపైతే యూరియా వేయాలి.

ఏ ఆకో ముందు చూడండి. కింది ముదురాకు మొత్తంగా పాలిపోతుంటే నత్రజని లోపం కావచ్చు. లేత ఆకులో ఈనెలు పచ్చగా, మధ్య భాగం పసుపుగా ఉంటే ఇనుము అందడం లేదని అర్థం. బోరు నీళ్లు ఉప్పగా, సున్నంగా ఉండే ఇళ్లలో నిమ్మ జాతికి ఇది మరీ ఎక్కువ. మట్టిలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. అక్కడ యూరియా దండగ. వాన నీరు పట్టి పోయండి, ఇనుమును చీలేట్ రూపంలో, అంటే వేరు తేలిగ్గా తీసుకునే రూపంలో ఇవ్వండి. ఇక మట్టి చిత్తడిగా ఉండి ఆకులన్నీ పాలిపోతుంటే, ముందు నీళ్లు తగ్గించాలి.

అపోహ: పొడవైన మొక్కే మంచి మొక్క.

కిక్కిరిసిన మడిలో వెలుతురు కోసం సాగినది పొడవుగానే ఉంటుంది. కాండం లావు చూడండి. కవరు అడుగున వేళ్లు చుట్టలు తిరిగాయేమో చూడండి. అంటుమొక్క అయితే అంటు కట్టిన చోటుకు కింద వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు తుంచాలి. సపోటాను సాధారణంగా 'పాల' అనే మరో చెట్టు మొక్క మీద అంటు కడతారు. కింది నుంచి వచ్చిన కొమ్మకు ఆకు చిన్నదిగా, కొనలో నొక్కుపడి ఉంటే అది పాలే. వదిలేస్తే సపోటాను మింగేస్తుంది.

అపోహ: క్రిస్మస్ చెట్టు తల తుంచితే గుబురుగా పెరుగుతుంది.

మందారానికి పనికొచ్చే మాట దీనికి చెల్లదు. తల పోతే ఆ అంతస్తుల అందం పోయినట్టే. పక్క కొమ్మను నాటినా అది నిలువుగా కాక అడ్డంగానే సాగుతుంది. ఆస్ట్రేలియాకు తూర్పున ఉన్న నార్ఫోక్ ద్వీపంలో 50 మీటర్లు ఎదిగే చెట్టిది. కుండీలో కొన్నేళ్ల అతిథి అనుకోండి.

అపోహ: కుండీలో ఉంటే చెట్టు దానంతట అదే పొట్టిగా ఉండిపోతుంది.

ఎదుగుదల తగ్గినా అది హాయిగా ఉన్నట్టు కాదు, ఉక్కిరిబిక్కిరవుతున్నట్టు. వేళ్లు గోడ వెంట గుండ్రంగా చుట్టుకుని, పోసిన నీళ్లు క్షణంలో అడుగున కారిపోతుంటే అది గుర్తు. రెండు మూడేళ్లకోసారి తొలకరి పడ్డాక, మబ్బు పట్టిన రోజు చూసి ముద్దను బయటికి తీయండి. చుట్టు వేళ్లను పదునైన కత్తితో ఓ అంగుళం మందం చెక్కి, నిలువుగా మూడు నాలుగు చోట్ల గాట్లు పెట్టి, కొత్త మట్టితో అదే కుండీలో పెట్టండి. మామిడి, నిమ్మ లాంటివైతే తగ్గిన వేరుకు సరిపడా పైకొమ్మలూ తగ్గించండి. రెండు వారాలు నీడలో ఉంచండి. ఎరువు మాత్రం కొత్త చిగురు కనిపించాకే.